ఫోన్‌లో 58, గోడ మీద 51... నా జంప్ పడిపోయిందా?

ప్రశ్న: సర్, పోయిన నెల మామూలు ఫోన్ వీడియో తీసి ఒక యాప్‌లో పెడితే నా జంప్ 58 సెంటీమీటర్లు చూపించింది. నిన్న వాలీబాల్ సెలెక్షన్‌లో గోడ పక్కన నిలబెట్టి, వేళ్లకు చాక్‌పీస్ పొడి రాసి కొలిస్తే 51 వచ్చింది. నెలంతా జిమ్‌లో స్క్వాట్లు కొట్టి మరీ తగ్గానా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీరు పోల్చుకుంటున్నవి రెండు వేర్వేరు టెస్టులు, వాటి అంకెలు పక్కపక్కన పెట్టకూడదు.

యాప్ మీరెంత ఎత్తు ఎగిరారో నేరుగా చూడదు, గాల్లో ఎంతసేపు ఉన్నారో చూస్తుంది. కాలు నేలను వదిలిన ఫ్రేమ్, మళ్లీ నేలను తాకిన ఫ్రేమ్ గుర్తిస్తే మధ్యలో గడిచిన సమయం తెలుస్తుంది, ఆ సెకన్లను వర్గం చేసి 9.81తో గుణించి 8తో భాగిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. మీ 58 సెంటీమీటర్లంటే దాదాపు 0.69 సెకను. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే ఉంటే, ఒక్క ఫ్రేమ్ అటూ ఇటూ అయినా లెక్క ఐదారు సెంటీమీటర్లు మారిపోతుంది! మీ తేడాలో ఎక్కువ భాగం అక్కడే తేలిపోవచ్చు. అదే 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే ఒక ఫ్రేమ్ పొరపాటు సెంటీమీటరు లోపే ఉంటుంది. ఇంకోటి, దిగేటప్పుడు మోకాళ్లు ముడుచుకుంటే పాదాలు నేలను ఆలస్యంగా తాకుతాయి, యాప్ దాన్ని కూడా మీ జంప్‌లోనే కలిపేస్తుంది. ఎగిరినప్పుడు కాళ్లు ఎంత చాచి ఉన్నాయో దిగేటప్పుడూ అలాగే ఉండాలి.

గోడ టెస్ట్‌లో ఇంకో రకం తిరకాసు ఉంది. అందులో వచ్చేది ఎగిరి తాకిన గుర్తుకీ నిలబడి అందుకున్న గుర్తుకీ మధ్య తేడా. కాబట్టి నిలబడి చెయ్యెత్తేటప్పుడు భుజాన్ని కాస్త దాచుకున్నవాడికి ఊరికే మూడు నాలుగు సెంటీమీటర్లు కలిసొస్తాయి (సెలెక్షన్లలో ఇది పాత విద్యే లెండి). నిజాయితీగా పూర్తిగా చాచినవాడు నష్టపోతాడు. సరిగ్గా పై అంచున ఉన్నప్పుడు కాక ముందో వెనకో గోడను తాకినా అంకె తగ్గుతుంది. ముందు రోజు బరువైన స్క్వాట్లు చేసి ఉంటే ఆ అలసట కూడా కనబడుతుంది. ఒకే పద్ధతి పట్టుకుని, అవే షూస్‌తో, అదే వేళకి, అదే వార్మప్ తర్వాత మళ్లీ చూసుకోండి. అప్పుడు కూడా తగ్గుతూ పోతే ఆలోచిద్దాం.

ప్రశ్న: మా తమ్ముడు మీటరు ఎత్తు బాక్స్ మీదికి ఎగిరి నిలబడతాడు. అంటే వాడి జంప్ 100 సెంటీమీటర్లా?

జవాబు: కాదండీ. మోకాళ్లు ఛాతీ దాకా ముడిస్తే నడుము అంతగా లేవకపోయినా పాదాలు బాక్స్ మీదికి చేరతాయి. అది ప్రాక్టీసుకి బాగుంటుంది, కొలతకి పనికిరాదు.

ప్రశ్న: నేను స్కూల్ అమ్మాయిల టీమ్‌కి కోచ్‌ని. మెషీన్లు లేవు, టేపు, చాక్‌పీస్ మాత్రమే ఉన్నాయి. ఏ టెస్టులు పెట్టాలి? ఎక్కువ ఎగిరిన అమ్మాయినే స్పైకర్‌గా (ఎగిరి నెట్ పైనుంచి బంతిని బలంగా కొట్టే ప్లేయర్‌గా) తీసుకోవాలా?

జవాబు: టేపు, చాక్‌పీస్ చాలు మేడమ్. ఒక్కొక్కరికీ మూడు అంకెలు రాసుకోండి: నిలబడి ఒంటిచేత్తో అందుకునే ఎత్తు, నిలబడిన చోటు నుంచే ఎగిరి అందుకునే ఎత్తు, స్పైక్‌కి వచ్చినట్టు రనప్ తీసుకుని అందుకునే ఎత్తు. మూడోదానికి గోడ వద్దు, పరుగెత్తి వచ్చి గుద్దుకుంటారు. పైనుంచి గుర్తులు పెట్టిన తాడో రిబ్బనో వేలాడదీయండి. ప్రతి టెస్టుకీ మూడు ప్రయత్నాలు ఇచ్చి, మధ్యలో ఒకట్రెండు నిమిషాలు ఆగనివ్వండి. వరసగా నిలబెట్టి హడావుడిగా ఎగిరిస్తే మీరు కొలిచేది ఆయాసాన్నే.

ఇక ఎంపిక సంగతి. సీనియర్ మహిళల నెట్ 2.24 మీటర్లు, చిన్న వయసు వాళ్లకు ఇంకా కిందికి కడతారు, మీరు ఆడే ఎత్తే పెట్టుకోండి. ఒకమ్మాయి నిలబడి 2.18 అందుకుని 34 సెంటీమీటర్లు ఎగిరితే 2.52. ఇంకో అమ్మాయి 2.02 అందుకుని 44 ఎగిరితే 2.46. ఎక్కువ ఎగిరింది రెండో అమ్మాయే, కానీ నెట్ పైన చెయ్యి ఎక్కువ ఉన్నది మొదటమ్మాయికి. అలాగని రెండో అమ్మాయిని పక్కన పెట్టేయకండి, ఆ కాళ్లకు ఉన్న శక్తి సెంటీమీటర్లలోనే కనబడుతోంది కదా.

రనప్ అంకెకీ నిలబడి ఎగిరిన అంకెకీ మధ్య తేడా తప్పకుండా చూడండి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె అదే. రనప్‌తో దాదాపు ఏమీ పెరగలేదంటే బలం కన్నా చివరి రెండు అడుగుల్లోనూ, చేతులు వెనక్కి తీసి ఊపడంలోనూ లోపం ఉండి ఉండొచ్చు. అది జిమ్‌లో కన్నా కోర్టులోనే తొందరగా సరవుతుంది.

నాలుగైదు వారాలకోసారి కొలిస్తే చాలు, వారం వారం వద్దు. రెండు సెంటీమీటర్లు పెరిగిందని చప్పట్లు కొట్టకండి, అదే అమ్మాయిని రెండు రోజుల తేడాతో కొలిచినా అంత మారొచ్చు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్న అమ్మాయిని మాత్రం ఆ రోజు అస్సలు ఎగరనివ్వకండి. వాలీబాల్‌లో ఆ చిప్ప కింది స్నాయువు (టెండన్) మీద పడే భారం మామూలుగానే ఎక్కువ, నొప్పి తగ్గకపోతే ఫిజియోకి చూపించండి.