స్టార్ ఫ్రూట్, లక్ష్మణఫలం మామయ్యగారికి పెట్టవచ్చా?

ప్రశ్న: మామయ్యగారికి 68 ఏళ్లు. షుగరు వల్ల కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. డయాలసిస్ ఇంకా మొదలుకాలేదు. ఎంవీపీ కాలనీ రైతుబజారులో కొన్న స్టార్ ఫ్రూట్ ఆయనకు తెగ నచ్చింది. క్యాన్సర్ రాదంటూ పక్కింటివారు రోజూ లక్ష్మణఫలం ఆకుల కషాయం ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?
– ఒక కోడలు, విశాఖపట్నం

జవాబు: స్టార్ ఫ్రూట్ ఈ రోజే ఆపేయండమ్మా. ఒక్క ముక్క కూడా వద్దు. అందులోని కారంబాక్సిన్ అనే పదార్థాన్ని ఆరోగ్యమైన కిడ్నీలు బయటికి పంపేస్తాయి. ఆయనకు అది రక్తంలో నిలిచిపోయి మెదడును తాకుతుంది. ఆగని ఎక్కిళ్లు, వాంతులు, తికమక, ఆపైన ఫిట్స్. ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. తిన్న తరువాత ఎక్కిళ్లు పట్టుకుంటే మంచినీళ్లు తాగించి చూద్దామని కూర్చోకండి. డయాలసిస్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లి, ఏ పండు తిన్నారో చెప్పండి.

లక్ష్మణఫలం సంగతి ఇంత సూటిగా తేలలేదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పండూ, ఆకుల కషాయమూ ఎక్కువగా తీసుకునేవారిలో పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు)ను పోలిన జబ్బు అధికంగా కనిపించిందని 1999లో వైద్యులు రాశారు. అనుమానం ఈ పండులో, ఆకుల్లో ఉండే అనోనాసిన్ అనే పదార్థం మీద. అదే కారణమని రుజువు కాలేదు. క్యాన్సర్‌ను ఆపుతుందనీ మనుషుల్లో రుజువు కాలేదు. కనుక రోజూ కషాయం నేను ఒప్పుకోను.

అరకు దారిలో గంపల్లో అమ్మే సీతాఫలాలంటే నాకు ప్రాణం. అయినా మామయ్యగారి పొటాషియం పరీక్ష చూశాకే, ఎంత పెట్టాలో ఆయన కిడ్నీ డాక్టరును అడగండి.