టేబుళ్లను నేరుగా వెబ్‌కి ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: మా యాప్‌కి వేరే సర్వర్ కోడ్ రాయకుండా, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ముందు పోస్ట్‌గ్రెస్ట్ (PostgREST, టేబుళ్లను వెబ్ అడ్రసుల ద్వారా అందించే ప్రోగ్రామ్) పెట్టి టేబుళ్లనే ఏపీఐగా (యాప్ డేటా అడిగి తీసుకునే దారిగా) ఇచ్చేద్దామనుకుంటున్నాం. "డేటాబేస్‌ని ఎవరైనా బయటపెడతారా?" అని తోటివాళ్లు భయపెడుతున్నారు. చెయ్యొచ్చా?

జవాబు: చెయ్యొచ్చండి. పోస్ట్‌గ్రెస్‌కి నేరుగా కనెక్ట్ అయ్యే 5432 పోర్టును ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టడం వేరు, మీరు చేస్తున్నది వేరు. పోస్ట్‌గ్రెస్ట్ తనకి వచ్చిన రిక్వెస్టును తనే క్వెరీగా మార్చుకుంటుంది కాబట్టి బయటివాళ్లు నచ్చిన ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) రాసి నడిపే వీలుండదు. యూజర్ ఎవరో చెప్పడానికి రిక్వెస్టుతో వచ్చే టోకెన్‌లో ఏ రోల్ (డేటాబేస్‌లో హక్కులున్న ఖాతా) ఉంటే ఆ రోల్‌లోకి మారి క్వెరీ నడుపుతుంది, టోకెన్ లేనివాళ్లకి మీరు పెట్టిన అనామక రోల్ వాడుతుంది. అంటే, ఎవరు ఏది చూడొచ్చు అని ఇన్నాళ్లూ సర్వర్ కోడ్‌లో చేసిన తనిఖీ ఇప్పుడు డేటాబేస్‌లోనే ఉండాలి, అక్కడ రాయకపోతే ఇంకెక్కడా లేనట్టే.

ఆర్డర్ల టేబుల్ ఉందనుకోండి. వెబ్ అడ్రసులో ఆర్డరు నంబరు 41 ఉన్నచోట 42 కొడితే చాలు, పక్కవాళ్ల ఆర్డరు వచ్చేస్తుంది. దీన్ని ఆపడానికే 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 వెర్షన్ నుంచి రో లెవెల్ సెక్యూరిటీ (ఏ వరస ఎవరికి కనిపించాలో డేటాబేసే చూసుకునే ఏర్పాటు) ఉంది. టేబుల్‌కి దాన్ని ఆన్ చేసి, యూజర్ ఐడీ కలిసిన వరసలే కనిపించాలని పాలసీ రాయండి. ఆన్ చేసి పాలసీ రాయకపోతే ఏమీ కనిపించదు, అది పర్లేదు. ఆన్ చెయ్యడం మర్చిపోతేనే ప్రమాదం.

నేను దెబ్బతిన్నది మాత్రం వ్యూ (టేబుల్‌లా కనిపించే, పేరు పెట్టి దాచిన క్వెరీ) దగ్గర. పాలసీలన్నీ రాసి, పైన ఒక వ్యూ పెట్టి దాన్నే బయటికిచ్చాను. టెస్ట్ యూజర్‌తో లాగిన్ అయితే అందరి ఆర్డర్లూ వరసగా వచ్చిపడ్డాయి, గుండె ఆగినంత పనైంది. వ్యూ మామూలుగా దాన్ని తయారుచేసిన ఓనర్ హక్కులతో నడుస్తుంది, టేబుల్ ఓనరూ అదే అయితే పాలసీ మామూలుగా వర్తించదు. 15వ వెర్షన్ నుంచి వ్యూకి సెక్యూరిటీ ఇన్వోకర్ ఆప్షన్ పెట్టొచ్చు, అప్పుడు అడిగినవాళ్ల హక్కులతోనే నడుస్తుంది.

అలాగని వ్యూలు మానేయకండి. టేబుళ్లు యథాతథంగా ఇస్తే రేపు ఒక కాలమ్ పేరు మార్చినా పాత యాప్‌లన్నీ ఆగిపోతాయి. వేరే స్కీమాలో (టేబుళ్లు, వ్యూలు విడిగా పెట్టుకునే అరలో) వ్యూలు పెట్టి అదొక్కటే బయటికివ్వండి, అసలు టేబుళ్లు లోపల ఎలా మారినా ఇబ్బంది ఉండదు. ఒక్కసారికి ఎన్ని వరసలు ఇవ్వాలో, క్వెరీకి ఎంత టైమో కూడా పరిమితి పెట్టండి.

పేమెంట్లు, ఈమెయిళ్లు లాంటివాటికి చిన్న సర్వర్ ఎలాగూ కావాలి, వాటిని డేటాబేస్‌లోకి లాగకండి. విడుదలకి ముందు ఇద్దరు టెస్ట్ యూజర్లను పెట్టి, ఒకరి టోకెన్‌తో ఇంకొకరి వరసల్ని చదవడానికి, మార్చడానికి, చెరపడానికి ప్రతి వ్యూ మీదా ప్రయత్నించి చూడండి.