ఏసీ పని మొదలుపెట్టే మేనల్లుడికి మావయ్య లేఖ

చిరంజీవి మేనల్లుడికి బరంపురం నుంచి మావయ్య ఆశీస్సులు.

రాయగడలో నువ్వు సొంతంగా ఏసీల షాపు తెరవబోతున్నావనీ, అందుకు ఏ లైసెన్సు కావాలో నన్ను అడగమన్నావనీ అక్క చెప్పింది. ముప్పై ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి కనుక వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఏసీ కాంట్రాక్టరు అన్న పేరుతో ప్రత్యేకమైన లైసెన్సు ఏదీ లేదు. అందువల్ల ఐటీఐలో రెండేళ్ల ట్రేడు పూర్తిచేసి, పనిముట్లు కొనుక్కుంటే చాలునని చాలామంది అనుకుంటారు. కానీ ఏసీ నడిచేది కరెంటుతో. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం, కొత్తగా వైరింగు వేసినా, ఉన్నదాన్ని మార్చినా, మరమ్మతు చేసినా ఆ పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు పొందిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేపట్టాలి. అది కూడా సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివాడి చేత జరగాలి. బల్బులు, ఫ్యాన్లు, స్విచ్చులు, 250 వోల్టులు మించని గృహోపకరణాలను లోడు పెరగకుండా ఉన్నవాటి స్థానంలో మార్చడానికి మాత్రం మినహాయింపు ఉంది.

ఈ తేడాను బాగా గుర్తుంచుకో. పాడైన ఒకటిన్నర టన్ను ఏసీ తీసి, అదే పాయింటుకు అంతే లోడున్న మరొకటి బిగించడం వేరు. ఏసీ ఎన్నడూ లేని గదికి మీటరు బోర్డు నుంచి కొత్త లైను లాగి, వేరే ఎంసీబీ (లోడు మితిమీరితే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్చు), ఎర్తింగు ఇవ్వడం వేరు. రెండోది లైసెన్సు పని. మనకు వచ్చే పనుల్లో అలాంటివే ఎక్కువ.

ఒడిశాలో ఈ పర్మిట్లు, సర్టిఫికెట్లు, లైసెన్సులు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. నువ్వు ముందు పర్మిట్ తీసుకో. కాంట్రాక్టరు లైసెన్సు చేతికి వచ్చేదాకా, లైసెన్సున్న కాంట్రాక్టరుతో కాగితం మీద ఒప్పందం రాసుకుని, వైరింగు భాగం ఆయనకే అప్పగించు. ఆయన నంబరు మాత్రం అరువు తెచ్చుకుని పని నువ్వే చేయకు.

ఆ తప్పు నేను చేశాను. ఒక బట్టల దుకాణంలో వేరొకరి లైసెన్సు నంబరు కాగితంలో రాసి, ఆయన ఒక్కసారైనా రాకుండానే లైను నేనే లాగాను. కొన్ని నెలల తర్వాత అవుట్‌డోర్ యూనిట్ నీళ్లతో కడుగుతున్న నా దగ్గరి కుర్రాడికి షాక్ కొట్టింది. బోర్డు విప్పి చూస్తే, ఆకుపచ్చ-పసుపు చారల ఎర్తు తీగ కొస మడిచి, టేపు చుట్టి, ఎక్కడా కలపకుండా ఉంది. కుర్రాడు బతికాడు. పర్యవేక్షించే మనిషి ఉండి ఉంటే ఆ తీగ అలా మిగిలేది కాదని నేటికీ బాధపడతాను. కనుక కొత్త లైనుకు కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గరుతో, అంటే తీగ తొడుగు కరెంటు లీకు కాకుండా ఆపుతోందో లేదో చూసే పరికరంతో పరీక్షించు. తీగకూ ఎర్తుకూ మధ్య నిమిషంపాటు కనీసం 1 మెగాఓం (పది లక్షల ఓంల) నిరోధం చూపాలి. ఎర్తు తీగ చివరిదాకా కలిసిందో లేదో నీ కళ్లతో చూసుకో.

గ్యాసు విషయంలోనూ జాగ్రత్త. పాత ఏసీల్లో చల్లదనం కోసం నింపే ఆర్-22 గ్యాసును మన దేశం 2030 నాటికి దశలవారీగా తగ్గిస్తోంది. కొత్త ఏసీల్లో ఎక్కువగా వచ్చే ఆర్-32కు మండే గుణం కొంత ఉంది; గ్యాసు పూర్తిగా తీసి, నైట్రోజన్ పంపాకే పైపు దగ్గరకు మంట తీసుకువెళ్లు.

మిగతా కాగితాలు కష్టం కాదు. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు తీసుకో. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకు. సేవల మీద ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ తప్పనిసరి.

మీకు పార్వతీపురం దగ్గరే కనుక అటు నుంచి కూడా పనులు వస్తాయి. కాంట్రాక్టరు లైసెన్సు రాష్ట్రం ఇచ్చేది. ఆంధ్రలో వైరింగు పని ఒప్పుకునే ముందు అక్కడి విద్యుత్ తనిఖీ అధికారుల దగ్గర అది చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకో.

నా మెగ్గరు ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. దసరాకు వచ్చినప్పుడు నీ వెంట తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ మావయ్య