లెక్క పక్కనే షరతు కూడా రాయి

విశాఖపట్నం

చిరంజీవి చెల్లెమ్మకు,

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. ఆప్షన్ (ముందే కుదిరిన ధరకి కొనే లేదా అమ్మే హక్కు) ధర కట్టడం గురించి, అదీ పైథాన్ కోడ్‌తో, తెలుగులో ఇంత తేటగా రాసినవాళ్లు తక్కువ. మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో కోడ్ రాసే పిల్లలున్నారు, ఏయూలో గణితం, ఎకనామిక్స్ చదివేవాళ్లున్నారు. ఇలాంటివి వాళ్లకి తెలుగులో దొరకడం అరుదు. అందుకే నీ రాత మీద నాకు చాలా ఆశ ఉంది. ఆ ఆశతోనే నాలుగు మాటలు గట్టిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకు.

నీ వ్యాసంలో కోడ్ ఉంది, ఆ కోడ్ ఇచ్చిన ధర ఉంది. ఆ ధర ఏ షరతుల మీద నిలబడిందో మాత్రం ఎక్కడా లేదు. నువ్వు వాడిన క్వాంట్‌లిబ్ అనే ధరల లెక్కల కోడ్ లైబ్రరీలో ఏ ఫంక్షన్‌కి ఏ విలువలివ్వాలో పాఠకుడు ఎక్కడైనా నేర్చుకుంటాడు. నీ దగ్గరికి వచ్చేది లైబ్రరీ పైకి చెప్పని సంగతి కోసం. మోడళ్ల గురించి రాసేవాళ్ల అసలు పని అదేనని నా నమ్మకం.

తేదీతోనే మొదలుపెడతాను. ఏ రోజు నాటి ధర కావాలో నీ కోడ్‌లో చెప్పలేదు. చెప్పకపోతే క్వాంట్‌లిబ్ ఆ పూట కంప్యూటర్‌లో ఉన్న తేదీనే తీసుకుంటుంది. నువ్వు సోమవారం అచ్చువేసిన ధర పాఠకుడికి శుక్రవారం రాదు. ఎక్స్‌పైరీ, అంటే ఆప్షన్ గడువు ముగిసే రోజు, నాలుగు రోజులు దగ్గరపడింది కాబట్టి రాకపోవడమే సరి. కానీ ఆ సంగతి తెలియని కుర్రాడు తప్పు తనదే అనుకుని రాత్రంతా కోడ్ వెతుక్కుంటాడు. ఒక్క వరుసలో తేదీ బిగించెయ్. మాంటే కార్లో (యాదృచ్ఛికంగా వేలకొద్దీ ధరల దారులు నడిపి సగటు కట్టే పద్ధతి) వాడేచోట, ప్రతిసారీ అవే దారులు వచ్చేలా సీడ్ సంఖ్య కూడా ఇచ్చెయ్. ఎక్స్‌పైరీ ఏ వారమో కోడ్‌లో పాతిపెట్టకు. నిఫ్టీ ఆప్షన్లు ఏళ్ల తరబడి గురువారం ముగిసేవి, 2025 సెప్టెంబరు నుంచి మంగళవారానికి మారాయి.

బాండ్ల మీద రెండో వ్యాసం రాస్తానన్నావు. అక్కడ రోజుల లెక్క ఇంకా ముఖ్యం. మన ప్రభుత్వ బాండ్లకి నెలకి 30 రోజులు, ఏడాదికి 360 రోజులు అని లెక్క. ట్రెజరీ బిల్లులకి మాత్రం నిజంగా గడిచిన రోజులు, 365 రోజుల ఏడాది. ఏడాదికి 7 శాతం కూపన్ (వడ్డీ) ఇచ్చే బాండ్ తీసుకో. జనవరి 15న వడ్డీ ఇచ్చారు, లీపు కాని ఏడాది మార్చి 15న అది చేతులు మారింది. మొదటి పద్ధతిలో గడిచినవి 60 రోజులు, వంద రూపాయలకి పోగైన వడ్డీ 1.1667. రెండో పద్ధతిలో 59 రోజులు, 1.1315. తేడా నాలుగు పైసల లోపే కనిపిస్తుంది. అయిదు కోట్ల ముఖవిలువ మీద అదే 17,580 రూపాయలు. రెండు పద్ధతుల్లో దేన్ని పెట్టినా లైబ్రరీ కిమ్మనదు, శుభ్రంగా జవాబిస్తుంది. 30/360లోనే మళ్లీ రకాలున్నాయి, నువ్వు ఏది వాడావో పేరుతో సహా రాయి.

ఇక ఉదాహరణల సంగతి. బయటి దేశపు షేరు ఒకటి తీసుకుని వ్యాసమంతా నడిపావు. మల్కాపురం వైపు వెళ్తుంటే కనిపించే రిఫైనరీ మన కళ్ల ముందుంది. 1957లో కాల్టెక్స్ వాళ్లది, ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. ముడిచమురు మీద రాయి, మన ఊరి పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. పైగా మోడల్ ఎక్కడ విరిగిపోతుందో చూపించడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో మే నెల డబ్ల్యూటీఐ (అక్కడి ముడిచమురు రకం) ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే బేరం) ధర బ్యారెల్‌కి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. మన సరుకుల ఎక్స్ఛేంజి ఎంసీఎక్స్‌లో ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ చేశారు. ఫ్యూచర్స్ మీది ఆప్షన్లకి అందరూ వాడే 1976 నాటి బ్లాక్ సూత్రం ధర లాగరిథమ్ అడుగుతుంది. మైనస్ సంఖ్యకి లాగరిథమ్ ఎక్కడిది? పైథాన్ గణిత లైబ్రరీ నంపైని అడిగితే ఒక హెచ్చరిక చూపించి 'నాన్' (సంఖ్య కాదు) అని ఇస్తుంది, ప్రోగ్రామ్ మాత్రం ఆగదు. అలా వచ్చిన ధరల వరుసను పట్టికల లైబ్రరీ పాండాస్‌లో కూడితే, విడిగా చెబితే తప్ప, నాన్‌ను వదిలేసి మిగతావి కూడుతుంది. అంటే ఏ కాంట్రాక్టులో ప్రమాదం ఉందో సరిగ్గా ఆ కాంట్రాక్టే మొత్తంలోంచి మాయమవుతుంది! మొత్తం మాత్రం చక్కగా, రెండు దశాంశాలతో కనిపిస్తుంది. ఆ రోజుల్లో అమెరికా ఎక్స్ఛేంజి సీఎంఈ చమురు ఆప్షన్ల లెక్కను బాషలియె పద్ధతికి మార్చింది. అది 1900 నాటి పారిస్ సిద్ధాంత వ్యాసంలోంచి వచ్చినది, ధర సున్నా కిందికి పోయినా పనిచేస్తుంది. ఆ సూత్రం క్వాంట్‌లిబ్‌లోనూ ఉంది. రెండూ పక్కపక్కన నడిపి, ఒకటి ఎందుకు నిలబడిందో, ఇంకోటి ఎందుకు పడిపోయిందో రాస్తే నీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

ప్రతి జవాబునీ ఇంకో దారిలో సరిచూసి ఆ దారి కూడా రాయి. షేరు 100, స్ట్రైక్ (ఆప్షన్‌లో కుదిరిన ధర) 100, వడ్డీ 5 శాతం, ఒడుదుడుకులు 20 శాతం, గడువు ఏడాది. బ్లాక్–షోల్స్ సూత్రం ప్రకారం కాల్ (కొనే హక్కు) 10.45, పుట్ (అమ్మే హక్కు) 5.57. రెండింటి తేడా 4.88 రావాలి, ఎందుకంటే 100లోంచి స్ట్రైక్ ఇవాళ్టి విలువ 95.12 తీసేస్తే మిగిలేది అదే. ఇది కాగితం మీద తేలే లెక్క. అదే కాల్‌ను మాంటే కార్లోతో పదివేల దారుల్లో కడితే ప్రామాణిక దోషం, అంటే జవాబు అటూఇటూ ఊగే మేర, దాదాపు 15 పైసలు. దాన్ని పదోవంతుకి తగ్గించాలంటే దారులు వందరెట్లు, అంటే పది లక్షలు కావాలి. నీ వ్యాసంలో పదివేల దారులతోనే నాలుగు దశాంశాలు వేశావు. ఆ చివరి మూడు అంకెలకి అర్థం లేదు, తీసెయ్.

నీ వ్యాసం చివర పెట్టిన బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద పద్ధతిని నడిపి చూడటం) భాగం గురించి నాకు దిగులుగా ఉంది. ఇవాళ్టి ముగింపు ధర చూసి ఇవాళ్టి ముగింపు ధరకే కొన్నట్టు లెక్క వేశావు. ఇవాళ్టి సంకేతాన్ని మర్నాటికి జరపాలి, పాండాస్‌లో అది ఒక్క మాట. ఇప్పటి నిఫ్టీ 50 జాబితాతో పదేళ్ల వెనక్కి వెళ్లడం ఇంకో పొరపాటు. 2020 మార్చిలో యెస్ బ్యాంక్ ఆ సూచీలోంచి బయటికి వెళ్లింది. అలా పడిపోయినవాటిని వదిలేస్తే ఏ పద్ధతైనా బంగారంలా కనిపిస్తుంది. బ్రోకరేజీ, పన్నులు అసలు లేనే లేవు. ఇది చదివి జీతం డబ్బు ఆప్షన్లలో పెట్టే కుర్రాడు తప్పకుండా ఉంటాడు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. వాళ్ల మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ లాభాల బొమ్మ తీసెయ్యమని నిన్ను బతిమాలుతున్నాను. ఉంచాలనుకుంటే పై మూడూ సరిచేసి, వచ్చిన బొమ్మ వంకరగా ఉన్నా అదే వెయ్యి.

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని ఒక్క వాక్యంతో దాటేశావు. ఉచితం కావడం చిన్న సంగతి. క్వాంట్‌లిబ్ 2000 నుంచి నడుస్తోంది, లోపల ప్రతి వరుసా తెరిచి చదువుకోవచ్చు. దానితోపాటే వచ్చే టెస్టులు చదువు. ఏ ఇంజిన్ (ధర కట్టే కోడ్) ఏ విలువలతో సరిపోవాలో, ఎంత తేడా వరకు ఫరవాలేదో వాటిలో కనిపిస్తుంది. దాని లైసెన్సు ఏ హామీ ఇవ్వదని కూడా పాఠకుడికి చెప్పు. పరీక్షించే బాధ్యత వాడేవాడిదే కదా.

ముందు చమురు వ్యాసం రాయి, బాండ్ల సంగతి తర్వాత. పంపేముందు ఒక పని చెయ్యి: కోడ్‌ని ఏమీ లేని కొత్త ఎన్విరాన్‌మెంట్‌లో మొదటినుంచి నడిపి, లైబ్రరీల వెర్షన్లు వ్యాసంలోనే వెయ్యి. నేను ఇక్కడ నడిపి చూస్తాను. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వచ్చే ఆదివారం రాగలిగితే ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ మైనస్ ధర లెక్క ఇద్దరం కలిసి కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య