ఆ గుట్ట తప్పు కాదు

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విని జాలేసింది, కాస్త నవ్వూ వచ్చింది. స్టీరియోబ్లాక్ పాలీప్రొపిలీన్‌ని (ఒకే గొలుసులో క్రమమున్న ముక్కలూ, క్రమం లేని ముక్కలూ కలిసిన ప్లాస్టిక్) డీఎస్‌సీలో, అంటే ఏ వేడికి ఎంత కరుగుతుందో గీసి చూపే మెషిన్‌లో, పెడితే 160 డిగ్రీల దగ్గర ఒక్క శిఖరం వస్తుందనుకున్నావు. 50 నుంచి 150 దాకా గుట్టలా పరుచుకుంది. మెషిన్ బాగానే ఉంది, టెన్షన్ పడకు.

జానెడు బిగించి అల్లి, జానెడు వదిలేసి, మళ్లీ అల్లిన జడని ఊహించుకో. అల్లిన ముక్క ఐసోటాక్టిక్: గొలుసు పక్కన వేలాడే మిథైల్ గ్రూపులన్నీ ఒకే తీరుగా ఉండి, గొలుసు మెలి తిరిగి స్ఫటికంలో సర్దుకుంటుంది. వదిలేసిన ముక్క అటాక్టిక్: మిథైల్ గ్రూపులు ఎటుపడితే అటు ఉంటాయి, అది ఎప్పటికీ సర్దుకోదు. స్ఫటికాలు ముడుల్లా పట్టి ఉంచబట్టే ఇది రబ్బరులా సాగి వెనక్కొస్తుంది. అల్లిక పొట్టిదైతే స్ఫటికం పలచన, తక్కువ వేడికే కరిగిపోతుంది. నీ గుట్టలో అన్ని కొలతల అల్లికలూ ఉన్నాయి.

పైగా అన్ని జడలూ ఒకలా ఉండవు. 1995లో కోట్స్, వేమౌత్ అనే రసాయన శాస్త్రవేత్తలు చూపిన జిర్కోనియం ఉత్ప్రేరకం రెండు రూపాల మధ్య ఊగుతూ గొలుసు కడుతుంది; ఒక రూపం అల్లుతుంది, ఇంకోటి వదిలేస్తుంది. ఆ ఊగుడికి గడియారం లెక్క ఉండదు. కాబట్టి ముందు శాంపిల్‌ని విడదీయి. 1950ల్లో రసాయన శాస్త్రవేత్త నట్టా వాడిన పద్ధతే: ముందు మరిగే ఈథర్‌లో కరిగేది, తర్వాత మరిగే హెప్టేన్‌లో కరిగేది, చివర కరగక మిగిలింది వేరుగా. ఈథర్ 35 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో మన వంటిల్లు అంతకన్నా వేడి! చుట్టుపక్కల మంట, నిప్పురవ్వ ఉండకూడదు.

నా బుద్ధితక్కువ పని కూడా చెప్తాను. ఒకసారి కొలిచిన శాంపిల్‌ని సొరుగులో పడేసి, నెల తర్వాత మళ్లీ కొలిచాను. 45 దగ్గర కొత్తగా చిన్న బొడిపె. మెషిన్ చూసే అతనితో గొడవ పెట్టుకున్నాను. తీరా చూస్తే గది వేడిలోనే పొట్టి అల్లికలు మెల్లగా స్ఫటికాలు కట్టాయి. అందుకే ప్రతిసారీ 200 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచి పాత చరిత్ర చెరిపెయ్యి, ఒకే వేగంతో చల్లార్చు, చల్లార్చిన తేదీ రాసిపెట్టు.

స్ఫటికాలు ఎలా సర్దుకున్నాయో చూడడానికి ఎక్స్‌రే తీసేటప్పుడు, రాగి ఎక్స్‌రే ట్యూబ్ అయితే, 18.6 డిగ్రీల కోణం (ఇది వేడి కాదు) దగ్గర శిఖరం ఆల్ఫా అనే స్ఫటిక రూపానిది, 20.1 దగ్గరిది గామా అనే ఇంకో రూపానిది. అల్లికలు పొట్టివైన కొద్దీ గామా పెరుగుతుంది. ఐసునీళ్లలో గభాల్న చల్లార్చావంటే రెండూ సరిగా కనిపించవు, సగం సర్దుకున్న స్థితి దొరుకుతుంది. దాన్ని చూసి స్ఫటికాలే లేవని రాసెయ్యకు.

మూడు భాగాల గ్రాఫులూ ఒకే కాగితం మీద గీసి పంపు. అమ్మకి నేను ఆదివారం వస్తున్నానని చెప్పు.

మామయ్య