భుజం ఆపరేషన్: టెండన్ కోయించుకోవాలా, మళ్లీ బిగించుకోవాలా?

చిరంజీవి నాన్నకు ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎమ్మారై రిపోర్టు చదివాను. బైసెప్స్ టెండన్, అంటే జబ్బ కండను భుజం ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది, దెబ్బతిందన్న లైను చూసి నువ్వు టెన్షన్ పడుతున్నావు. నాకైతే దాని కింది లైనే ముఖ్యం అనిపించింది: సబ్‌స్కాపులారిస్‌లో కొద్దిగా చిరుగు ఉందట. భుజం ముందు వైపున్న ఆ కండే, బైసెప్స్ టెండన్ ఎముక గాడిలోంచి జారిపోకుండా కాపు కాసేది. అది చిరిగితే టెండన్ పక్కకు జరిగి ఒరుసుకుంటుంది. నడివయసులో ఈ టెండన్ ఒక్కటే చెడిపోవడం తక్కువే. కాబట్టి సర్జన్‌ని ముందు ఆ చిరుగు సంగతి అడుగు. కుట్టాల్సిన చిరుగును వదిలేసి టెండన్ ఒక్కదాన్నే చూసుకుంటే, ఆపరేషన్ అయ్యాక కూడా నొప్పి అలాగే ఉండిపోవచ్చు.

ఇంకో మాట. గాడి దగ్గర ఇంజెక్షన్ ఇంకా చేయించుకోలేదన్నావు. మత్తుమందూ స్టెరాయిడూ కలిపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ టెండన్ చుట్టూ ఉండే పొరలోకి ఇస్తారు, టెండన్‌లోకి కాదు. మత్తుమందు పనిచేసే ఆ కొన్ని గంటలు నొప్పి మాయమైందంటే, నొప్పి పుట్టేది అక్కడేనని చాలావరకు తేలినట్టే. ఏమాత్రం తగ్గకపోతే మెడ నుంచో, భుజంలో మరో చోటి నుంచో వస్తోందేమో చూడాలి. నీకు షుగర్ ఉంది కదా, స్టెరాయిడ్ తర్వాత కొన్ని రోజులు పెరుగుతుంది, ముందే చెప్పు. ఇదీ, కొన్ని నెలల ఫిజియోథెరపీ చేసి చూశాకే కత్తి మాట. టెండన్ తెగిపోవడమో, గాడి తప్పడమో జరిగితే అంతకాలం ఆగనక్కర్లేదు.

ఆపరేషన్లు ప్రధానంగా రెండు. మొదటిది టెనాటమీ. కీహోల్‌లో, అంటే చిన్న రంధ్రాల గుండా వెళ్లి, భుజం గిన్నె పైఅంచున టెండన్ అతుక్కున్న చోట కోసి వదిలేస్తారు. "కోసేస్తే చెయ్యి పనికొస్తుందా పెద్దమ్మా" అని అడిగావు. వస్తుంది. జబ్బ కండకు పైన రెండు తలలు, కోసేది పొడవాటిదాన్ని. పొట్టిది వేరే ఎముకకు పట్టుకుని అలాగే ఉంటుంది. కొందరికి ఈ టెండన్ తనంతట తానే తెగిపోయి, నెలల తరబడి ఏడిపించిన నొప్పి ఆ దెబ్బతో పోవడం కూడా ఉంది! టెనాటమీ త్వరగా అయిపోతుంది, కోలుకోవడమూ తేలిక. కాకపోతే కండ కిందికి జారి మోచేతి పైన ఉండలా కనపడొచ్చు. బరువు పనుల్లో కండ పట్టేసినట్టు అవ్వొచ్చు, అరచేతిని పైకి తిప్పే బలం కాస్త తగ్గొచ్చు.

రెండోది టెనోడెసిస్. పై నుంచి కోసి, చెడిన ముక్క తీసేసి, మిగిలిన టెండన్‌ను జబ్బ ఎముకకు స్క్రూతోనో, యాంకర్ అనే చిన్న మేకులాంటి దానితోనో బిగిస్తారు. గాడి పైభాగంలో కీహోల్‌తో బిగించొచ్చు, లేదా చంక దగ్గర చిన్న కోత పెట్టి కింద బిగించొచ్చు. నొప్పంతా గాడిలోనే ఉన్నవాళ్లకు కింద బిగించడం మేలని కొందరు సర్జన్ల అభిప్రాయం. కండ ఆకారం చాలావరకు నిలుస్తుంది. బిగింపు ఊడడం, ఇన్‌ఫెక్షన్, అరుదుగా నరం దెబ్బతినడం, ఎముక విరగడం దీనికున్న చిక్కులు.

నొప్పి తగ్గడంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అందుకే ఏది పెద్ద ఆపరేషన్ అని చూడకు, నీ చెయ్యి రోజంతా ఏం చేస్తుందో చూడు. నువ్వు ఎలక్ట్రీషియన్‌వి. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు మోచెయ్యి వంచి అరచేతిని బయటికి తిప్పుతావు చూడు, బైసెప్స్ అసలు పని అదే. నలభై నాలుగేళ్ల వయసులో, ఆ పని చేసుకునే నీకు నా ఓటు టెనోడెసిస్‌కే. ఇదే నొప్పి మీ నాన్నకు వచ్చుంటే టెనాటమీతో సరిపెట్టుకోమనేదాన్ని.

కానీ టెనోడెసిస్‌లో అసలు పరీక్ష ఆపరేషన్ తర్వాతే. చేతిని మెడకు వేలాడదీసే స్లింగ్ నాలుగు నుంచి ఆరు వారాలు, చిరుగు కూడా కుడితే ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఈలోపే నొప్పి తగ్గి, చెయ్యి బాగైపోయిందనిపిస్తుంది. బిగింపులు ఊడేది అప్పుడే. బకెట్ ఎత్తడం ఒక్కటే కాదు, బిగుసుకున్న సీసా మూత తిప్పడం, తాళం బలంగా తిప్పడం కూడా ఆ స్క్రూ మీద లాగుడే. ఆరు వారాల దాకా అవన్నీ ఎడమచేత్తోనే. బరువు పనులకు మూడు నాలుగు నెలలు పట్టొచ్చు, తల పైకి చేతులెత్తి చేసే పనికి ఇంకా ఎక్కువ. సీజన్ మధ్యలో ఆపరేషన్ పెట్టుకుని, రెండో నెలలో నిచ్చెన ఎక్కుతానంటే మాత్రం నేను ఒప్పుకోను.

షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, భుజం బిగుసుకుపోతుంది కూడా. తేదీ తీసుకునే ముందే దాన్ని దారిలో పెట్టు. సిగరెట్ సంగతి మీ ఆవిడ చెప్పింది, అదీ ఆపు.

ఆపరేషన్ రోజు ముందు గుండీలున్న వదులు చొక్కా వేసుకెళ్లు. మెడ దగ్గర ఇచ్చే నెర్వ్ బ్లాక్‌తో (నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్) చెయ్యి చాలా గంటలు మొద్దుబారి ఉంటుంది, భయపడకు. తిమ్మిరి పూర్తిగా వదిలేదాకా ఆగకుండా, డాక్టర్ చెప్పిన టైముకి నొప్పి మాత్ర వేసుకో. మొదటి వారం వెల్లకిలా పడుకోలేవు, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని ఒరిగి పడుకో. సర్జన్ ఏం చెప్పారో ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ