ఆ పాత మిషను ఆపే ముందు

చి. లలితకు,

మావయ్య దీవించి రాసేది. మన డీటీపీ షాపులో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరు మిషను తీసేసి, పని మొత్తం పేజ్‌మేకర్ నుంచి ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి, ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మారుస్తున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పదేళ్ల కిందటే నేను చేయాల్సిన పనికి నువ్వు నడుం కట్టావని గర్వం. ఎక్కడ తొందరపడతావోనని భయం.

పేజ్‌మేకర్‌కి సెలవు చెప్పాల్సిందే, కాదనను. 1985లో ఆల్డస్ కంపెనీ వాళ్లు తెచ్చిన, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్. 1994లో అడోబీ చేతికొచ్చింది, 2001లో వచ్చిన 7.0 వెర్షన్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత కూడా విజయవాడలో మనలాంటి వాళ్లం ‘అను’ అనే తెలుగు ఫాంట్లు వేసుకుని దాంట్లోనే శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు చేసుకుంటూ వచ్చాం. నాకు అన్నం పెట్టింది అదే.

నీకు తెలిసినవి ఎక్కువ చెప్పను. ఫైళ్లు రెండు డిస్కుల్లోకి కాపీ చెయ్యి. ఇన్‌డిజైన్‌లో కంపోజర్ అనే సెట్టింగును వరల్డ్-రెడీకి మార్చు, లేకపోతే వత్తులు చెదిరిపోతాయి. మన పేజ్‌మేకర్ ఫైళ్లను సీఎస్6 అనే పాత వెర్షన్ దాకానే ఇన్‌డిజైన్ తెరిచేది, ఇప్పటిది తెరవదు. పాత ఫాంటు మేటర్‌ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌ని నమ్మి వదిలేయకు, మేటర్ మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే దాన్నీ తెలుగనుకుని మార్చేస్తుంది.

ఫాంట్ల మాట మాత్రం నిదానంగా విను.

2003లో ఒక రిటైరైన మాస్టారు తన ఊరి చరిత్ర రాసి తెచ్చారు. 112 పేజీలు. అప్పుడు నేను వాడేది వేరే కంపెనీ ఫాంటు. 2008లో మిషను మార్చినప్పుడు ఫైళ్లన్నీ సీడీల్లోకి ఎక్కించి, పాతదాన్ని ఫార్మాట్ కొట్టేశాను. ఫాంటు దాచుకోవాలని తోచలేదు. నాలుగేళ్లకి మాస్టారు మళ్లీ వచ్చారు, రెండో ముద్రణ వేయాలని. భార్య గురించి ఒక అధ్యాయం కొత్తగా రాసుకొచ్చారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే ఫైలు తెరిచాను. పేజీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, బ్రాకెట్లు. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు, తన చూపే మందగించిందనుకుని. ఫాంటు అమ్మినవాళ్లు అప్పటికే షాపు ఎత్తేశారు. అను ఫాంటు పెట్టి చూస్తే ఇంకో రకం పిచ్చి రాత వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల మీదే తెలుగు బొమ్మలు తొడిగే ఆ ఫాంట్లలో ఒక్కో కంపెనీది ఒక్కో కోడు కదా. రాతప్రతిని నా చేతులతోనే పాత కాగితాలకి వేసేశాను.

వాళ్లమ్మాయి ఇంట్లో ఒక్క పుస్తకం దొరికింది. ఎనిమిది పేజీలు చెదలు తినేశాయి. మిగతాదంతా రాత్రిళ్లు కూర్చుని డబ్బు తీసుకోకుండా మళ్లీ కొట్టాను. ఆ ఎనిమిది పేజీల్లో ఊళ్లోని పదిహేడు బావుల పేర్లు, ఏది ఎవరు తవ్వించారో ఉండేవి. చింతబావి, గుర్రాలబావి అంటూ మాస్టారు వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టారు. పదకొండు దగ్గర ఆగిపోయారు. నన్నొక్క మాట అనలేదమ్మా. ‘పోన్లే నాయనా, ఉన్నవి వెయ్యి’ అన్నారు.

అందుకే చెబుతున్నా. ఫాంట్ల ఫోల్డరు మొత్తం, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌తో సహా, ఫైళ్ల పక్కనే దాచు. ప్రతి ఫైలునూ ఆ పాత మిషనులోనే తెరిచి, ఫాంట్లు అందులోనే ఇమిడేలా ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తియ్యి. టెక్స్ట్ బ్లాకు కింద ఎర్ర బాణం కనిపిస్తే మేటర్ ఇంకా లోపలే ఉందని లెక్క, దాన్ని కిందికి లాగి చూడకుండా పీడీఎఫ్ తీశావంటే ఊరుకోను. ముఖ్యమైన పుస్తకాలకి కాగితం మీద ప్రింటు కూడా తీసిపెట్టు. మూడు వారాలు పట్టినా పట్టనీ. గిరాకీ పోతుందని కంగారు పడకు, ఆ నెల అద్దె నేను చూసుకుంటాను. వేళకి అన్నం తిను.

శుభలేఖల ఫోల్డరులో మీ అమ్మ పెళ్లి కార్డుంది, 1997లో పేజ్‌మేకర్ 6.5లో చేసింది. ఇంటిపేరులో దీర్ఘం పోయిందని మీ తాతయ్య మూడుసార్లు దిద్దించారు. ఆదివారం పొద్దున బస్సుకి ఏలూరు నుంచి వస్తున్నా. ఆ ఫైలు నేనొచ్చేదాకా ముట్టుకోకు. అమ్మని కూడా షాపుకి రమ్మను. ముగ్గురం చూశాక మిషను నేనే ఆపుతాను.

మీ మావయ్య